అమ్మ పేరు చెప్పుకున్న అచ్చు

పొగ వస్తోంది. రానీ, ఇంకా రావాలి, ఈ నల్లరంగు వెధవది మొత్తం మాడి పెచ్చులూడి రాలిపోవాలి, ఇంకో గంటలో లొరెట్టక్క ఆ మెట్లు దిగేలోపల ఈ ఇనప అచ్చు మా అమ్మ అచ్చు అయిపోవాలి, ఎలా అవుతుందో ఆ మరియమ్మ తల్లికే తెలియాలి. "ఏం మాడుస్తున్నావే కింద?" అని పైనుంచి రాల్ఫ్ కేక. నా మొగుడికి ముక్కొక్కటే బాగా పనిచేస్తుంది, కార్ల ఫ్యాక్టరీలో అన్నేళ్ళు రంగుల షెడ్డులో పనిచేసి కూడా అది ఎలా మిగిలిందో. "నీ తలకాయ!" అన్నాను. "నా తలకాయైతే ఇంత కంపు కొట్టదే," అన్నాడు, కుర్చీ కిర్రుమంది, మళ్ళీ బేస్‌బాల్ ఆటలో పడిపోయాడు. కిటికీ తెరిచాను, నేలమాళిగ కిటికీ ఎంతుంటుంది, అట్టపెట్టె మూతంత, అందులోంచి పక్కింటివాళ్ళ గడ్డి, ఓ పిల్లి కాళ్ళు. పై వంటిల్లు చూపులకి, కింది వంటిల్లు వండడానికి, ఇటలీనించి వచ్చిన మా వాళ్ళందరి ఇళ్ళూ అంతే, మా అమ్మయితే పై పొయ్యి మీద కాఫీ తప్ప ఇంకేదీ పెట్టనిచ్చేది కాదు, దానిమీద కుట్టుపని గుడ్డ ఒకటి కప్పి ఉంచేది, ఎవరొచ్చినా "అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో" అనాలి, కిందేమో టమాటా పులుసు గోడల నిండా చింది ఉండేది.

శనివారం నటాలీ పెళ్ళి. లొరెట్టక్క కూతురు, నా చేతుల్లో పెరిగిన పిల్ల. ఓహాయోలో మా యంగ్స్‌టౌన్‌లో పెళ్ళికొచ్చినవాళ్ళు పెళ్ళికూతురి గౌను తర్వాత చూస్తారు, ముందు కుకీల బల్ల చూస్తారు. అత్తలూ పిన్నులూ అమ్మమ్మలూ నెలనించీ కాల్చి డబ్బాల్లో దాచి తెస్తారు కదా, ఎవరివి గట్టిపడ్డాయి, ఎవరివి విరిగాయి, ఎవరు దుకాణంలో కొనుక్కొచ్చి సొంత పళ్ళెంలో సర్ది సొంతమని నవ్వుతూ నిలబడ్డారు, అన్నీ ఒక్క చూపులో పసిగట్టేస్తారు మా ఆడవాళ్ళు. ఆ బల్ల మధ్యలో పిజ్జెల్లె లేకపోతే అది మా ఇంటి పెళ్ళే కాదు. రెండు ఇనప పలకల అచ్చులో పిండి నొక్కి కాల్చే ఇటలీ బిస్కెట్లు, అప్పడంలా పల్చగా, మీద అచ్చు పువ్వు, నోట్లో పెట్టుకోగానే సోంపు వాసన. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ పని అమ్మదే. అమ్మ పోయాక మా ఇంట్లో మొదటి పెళ్ళి ఇదే. పోయినవారం నటాలీ ఫోన్ చేసింది. "పిన్నీ, నాకు పువ్వులొద్దు, బ్యాండొద్దు, నువ్వూ అమ్మా ఒక పొయ్యి దగ్గర నిలబడి అమ్మమ్మ పిజ్జెల్లె చెయ్యండి, అదొక్కటి చాలు." మీ అమ్మ రావద్దూ అన్నాను. "నీ మొహం చూడలేకే రావట్లేదు పిన్నీ. ఆ అచ్చు పోగొట్టినప్పట్నుంచీ చర్చిలో పాతసామాన్ల అమ్మకం అని బోర్డు కనిపిస్తే చాలు, కారు వేరే వీధిలోకి తిప్పేస్తుంది తెలుసా?" నాకు తెలీదు. ఎలా తెలుస్తుంది, మాటల్లేవుగా. "రమ్మనవే, అచ్చు సంగతి నేను చూసుకుంటాను," అన్నాను దర్జాగా. అప్పటికి నా దగ్గర అచ్చు లేదు. అచ్చు ఫోటో ఉంది.

తిప్పాలి, ఈ వైపు కాలింది. ఏం బరువుంది దీనికి, తేలిగ్గా గరిటెలా లేస్తోంది, అమ్మది ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి, ఇటలీలో అబ్రుజ్జో కొండల్లో కమ్మరివాడు కొట్టిన ఇనుము అది, మా అమ్మమ్మ ఓడెక్కినప్పుడు పెళ్ళిబట్టల కింద పెట్టుకుని తెచ్చింది. ఒకసారి పిడి విరిగితే నాన్న దాన్ని ఉక్కు మిల్లుకి పట్టుకుపోయి అతికించి తెచ్చాడు, అతికిన చోట రేగుపండంత బొడిపె, సరిగ్గా బొటనవేలు ఆనేచోట, "నీ చేతికి గుచ్చుకుంటుందేమో, అరగదీస్తాను ఇవ్వు," అన్నాడు నాన్న, అమ్మ ఇవ్వలేదు, ఉంటే ఉండనీ అంది. ఆ బొడిపెకి ఆనించీ ఆనించీ అమ్మ బొటనవేలు కాయకాచింది, తర్వాత నాది. గడియారం పెట్టేది కాదు అమ్మ. మంట మీద ఒక వైపుకి ఒక మరియమ్మ జపం, తిప్పి రెండో వైపుకి ఇంకో మరియమ్మ జపం, ఆమెన్ అనగానే తెరవడం, బంగారు రంగులో పువ్వు. అయితే జపం అందరికీ ఒకేలా నడవదుగా. అమ్మకి కోపమొచ్చిన రోజు జపం పరుగులు తీసేది, ఆ రోజు పిజ్జెల్లె తెల్లగా పాలిపోయి వచ్చేవి, నాన్న డబ్బా మూత తీసి ఓసారి రంగు చూసి, చప్పుడు చెయ్యకుండా మేడెక్కి వెళ్ళిపోయేవాడు. నాన్న పోయిన ఏడాది మాత్రం ఒక్కో మాటా పట్టి పట్టి పలికేది, "ఇప్పుడును, మా మరణ సమయమందును" అనేచోట ఆగిపోయేది, పొగ వచ్చేసేది, డబ్బాలకి డబ్బాలు ఎర్రగా మాడినవే. మేం అవే తిన్నాం ఆ క్రిస్మస్‌కి. చేదుగా ఉన్నాయని ఒక్కరం అనలేదు.

లొరెట్టక్క ఎప్పుడూ పొయ్యి దగ్గరికి రాలేదు. చిన్నప్పుడు పంచదార పొడి జల్లడం తన పని, డబ్బాల్లో మధ్యమధ్య కాగితం పెట్టి సర్దడం తన పని, కబుర్లు చెప్పడం అసలు పని. అమ్మ ఇంటి నేలమాళిగలో, ఇప్పుడు నా దగ్గరున్న ఈ ఎత్తుపీట మీదే కూర్చుని కాళ్ళాడిస్తూ, ఎవరి కూతురు ఎవరితో పోయిందో, ఏ ఫాదర్ ఎంత తాగాడో చెప్పేది, అమ్మ జపం మధ్యలో నవ్వాపుకోలేక "ఓసి నీ నోరు పడిపోనూ, లెక్క తప్పించావు కదే!" అని గరిటె విసిరేది, అది ఎప్పుడూ తనకి తగిలేది కాదు, నాకే తగిలేది. ఆ నవ్వులు లేకుండా ఈ నేలమాళిగ ఎంత చల్లగా ఉందో ఎవరికి చెప్పను. రాల్ఫ్‌కి చెబితే హీటర్ బాగుచేయిస్తానంటాడు.

అమ్మ పోయాక ఆ ఇల్లు కొన్నవాళ్ళకి తొందరగా ఖాళీ చేసివ్వాల్సొచ్చింది. నేను మోకాలి ఆపరేషన్‌తో మంచం మీద ఉన్నాను, అక్క ఒక్కతే అన్నీ సర్దింది. గిన్నెలూ మూకుళ్ళూ పెట్టెల్లో వేసి చర్చివాళ్ళ అమ్మకానికి పంపేసింది, ఆ అడుగున అచ్చు కూడా పోయింది. నేను ఫోన్లో అరిచాను, అరవనా మరి? తనూ అరిచింది. "అదో తుప్పుపట్టిన ఇనప ముక్క, దానికోసం నా ప్రాణం తియ్యకే ఆంటొనెట్!" అని ఫోన్ పెట్టేసింది. ఇనప ముక్కట. ఒళ్ళు మండిపోయింది. తనే మళ్ళీ ఫోన్ చేస్తుందిలే అని నేనూ, నేనే చేస్తానులే అని తనూ. పుట్టినరోజులు వెళ్ళిపోయాయి, ఈస్టర్లు వెళ్ళిపోయాయి. మూర్ఖత్వంలో ఇద్దరం అమ్మ కూతుళ్ళమే.

అప్పుడు మొదలైంది నాకీ ఆన్‌లైన్ వేలంపాటల పిచ్చి. అమ్మ అచ్చు ఎవరో ఒకరు కొనుంటారు కదా, ఎప్పుడో ఒకప్పుడు అమ్మకపోతారా అని. కాలు బల్లమీద పెట్టుకుని ఫోన్లో వెతికేదాన్ని. అబ్బో, ఎన్ని అబద్ధాలు, ఎన్ని రకాల అబద్ధాలు! ఆ అటక మీద వరసగా కూర్చున్నాయి చూడు నా బిడ్డలు. ఆ మొదటిది 'పురాతన ఇటలీ పిజ్జెల్లె అచ్చు, అరుదైనది' అని రాశాడు మహానుభావుడు, తీరా తెరిస్తే లోపల సిలువా, గొర్రెపిల్లా! చర్చిలో పూజకి అప్పం కాల్చే అచ్చది. పిండి కలిపేశాను కదా అని ఓ వాయి కాల్చాను కూడా. రాల్ఫ్ ఒకటి చేతిలో పట్టుకుని, "దీన్ని మోకరించి తినాలా, జామ్ రాసుకుని తినాలా?" అన్నాడు. పారెయ్యలేక, తినలేక, ఆఖరికి పిట్టలకి వేశాను, అది పాపమో కాదో ఇప్పటికీ తెలీదు. దాని పక్కది 'నాకు తెలిసినంతవరకు అన్ని భాగాలూ ఉన్నాయి' అన్నది. ఒకటే పలక వచ్చింది. ఇదేంటయ్యా అని రాస్తే, 'నాకు తెలిసినంతవరకు అని రాశాను కదా మేడమ్' అని జవాబు. వాడికేం తెలుసో, ఎంతవరకు తెలుసో! ఆ చివరిది నార్వేవాళ్ళది, వాళ్ళూ ఇలాంటివే కాల్చి గొట్టాల్లా చుట్టుకుంటారట, పాపం దాని తప్పేం లేదు. ఒక్కోసారి పెట్టె విప్పి, చుట్టిన పాతపేపరు ఒక్కో పొరా తీస్తూ, ఇదే, ఇదే అయ్యుంటుంది అనుకునేదాన్ని. ఆ పేపరు వాసన కూడా అమ్మ ఇంటి వాసనే అనిపించేది.

ఇదేమో పోయిన నెల కనబడింది. 'చేత్తో కొట్టిన ఇనుము, ఓహాయోలో ఓ పెద్దావిడ ఇంటి సామాన్లలోది, వాడి వాడి నల్లబడినది.' ఫోటోలో తెరిచిన ఒక పలక, నడుమ పువ్వు, ఆ రేకుల్లో ఒకటి మిగతావాటికన్నా లావు. అమ్మ అచ్చులోలాగే. పిడి ఫోటోలో పడలేదు. పిడి పడలేదేమని ఒక్క క్షణం ఆగాల్సింది కదూ, ఆగలేదు, కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను, "రాల్ఫ్, అమ్మ!" అని అరిచాను, మనిషి హడలిపోయి పరిగెత్తుకొచ్చాడు, నాకేదో అయిందనుకున్నాడు. ఎవడో పాట పెంచుతుంటే నేనూ పెంచాను, దొంగసచ్చినోడా వదలరా అది మా అమ్మది అని తెరని తిడుతూ పెంచాను. దక్కింది. ఏడ్చాను. నటాలీతో అంత దర్జాగా మాట్లాడింది అందుకే. నిన్న సాయంత్రం పెట్టె వచ్చింది. పేపర్లు విప్పకముందే తెలిసిపోయింది, చేతికి బరువు లేదు. అంచు చుట్టూ పోతపోసిన గీత, ఫ్యాక్టరీ సరుకు, ఆ లావు రేకు ఇలాంటి ప్రతి అచ్చుకీ ఉంటుంది కాబోలు, పైన తారులాగా నల్లటి రంగు, పిడి నున్నగా, బొటనవేలు ఆనేచోట ఏమీ లేదు. ఏమీ లేదు. నేనూరుకుంటానా, రాశాను: ఇది చేత్తో కొట్టింది కాదు, వాడింది కాదు, రంగు వేశావు, పెద్దవాళ్ళని మోసం చెయ్యడానికి సిగ్గులేదా, నీకు తల్లి లేదా? జవాబు ఈ పొద్దున వచ్చింది. 'పాతదే మేడమ్. పాతదానిలా కనబడాలనే రంగు వేశాను.' నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తిరిగి పంపండి, తీసుకుంటాను అన్నాడు, మర్యాదస్తుడే. కానీ అక్క ఇవాళే వస్తోంది.

అందుకని నేనేం చేస్తున్నాను ఇప్పుడు? రంగు కాలుస్తున్నాను, గీకుతున్నాను, పందికొవ్వు రాసి మళ్ళీ కాలుస్తున్నాను, పాతదానిలా కనబడాలని. వాడికీ నాకూ తేడా ఏమిటి అంటే వాడు డబ్బులకి చేశాడు. అక్క దిగుతుంది, నేను చూపిస్తాను, "ఇదుగో అక్కా, అమ్మ అచ్చు, ఆన్‌లైన్‌లో దొరికింది, ఏం పోలేదు, ఇంక నువ్వు చర్చి వీధిలోంచే వెళ్ళొచ్చు," అంటాను. పొద్దున్నించీ అద్దం ముందు అంటూనే ఉన్నాను. తనకి పిడి సంగతి తెలీదు, ఒక్కసారైనా పట్టుకుంటేగా, తను పంచదార జల్లే మనిషి. నమ్ముతుంది. తప్పు తుడిచిపెట్టుకుపోతుంది. కానీ ఒకవేళ నమ్మకపోతే? నా మొహంలోకి చూసి, నా చెవిలో పువ్వు పెడుతున్నావా ఆంటొనెట్, ఇంత ఎగతాళా అని మెట్లెక్కి వెళ్ళిపోతే? ఇంక ఎప్పటికీ రాదు. పెళ్ళిలో ఒకే బల్లకి ఆ కొసన తనూ ఈ కొసన నేనూ, ఫోటోగ్రాఫర్ దగ్గరికి జరగమంటే ఇద్దరం కుకీలు సర్దుతున్నట్టు నటిస్తూ. వద్దు బాబోయ్. అచ్చు పోతే పోయింది, అమ్మ ఎలాగూ పోయింది, నాకు మా అక్క కావాలి. అంతే. ఆ ఎత్తుపీట మీద కూర్చుని కాళ్ళాడించాలి, మోకాళ్ళు నొప్పులైనా సరే ఆడించాలి.

కారు. వాకిట్లో కారు చప్పుడు. ముందే వచ్చేసింది, ఏ పెళ్ళికీ వేళకి రాని మనిషి! పైన రాల్ఫ్, "ఓహో, ఎవరొచ్చారో చూడండి!" అంటున్నాడు, బుగ్గల మీద పలకరింపు ముద్దుల చప్పుడు, "జాగ్రత్త లొరెట్టా, కింద నీ చెల్లెలు ఇల్లు తగలబెడుతోంది." మెట్ల మీద అడుగులు, ఒక్కో మెట్టుకీ రెండేసి పాదాలు, ఇలా దిగుతోందా ఇప్పుడు, ఎప్పట్నుంచి? ముందు లావుపాటి బూట్లు, పాత పచ్చకోటు, చేతిలో గుడ్డసంచీ, తర్వాత మొహం. జుట్టుకి రంగు మానేసింది. అచ్చం అమ్మలా ఉంది. పొద్దున్నించీ వల్లించింది ఒక్క మాటా రాలేదు, "కోటు తియ్యి," అన్నాను, ఏళ్ళ తర్వాత అక్కతో నేనన్న మొదటి మాట.

కోటు తియ్యలేదు. సంచీ బల్లమీద పెట్టి, నన్ను చూడకుండా గోడకి చెబుతున్నట్టు గబగబా అనేసింది. "ఆంటొనెట్, నేను పారెయ్యలేదే. మా గరాజులోనే ఉంది. క్రిస్మస్ సామాన్ల వెనక. అమ్మది." చుట్టిన తువ్వాలు విప్పింది. అచ్చు. పాతది, బరువైనది, నిజంగా ఎవరో కొట్టినది, ఎవరి అమ్మో ఏళ్ళకేళ్ళు వాడినది. చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలు బొడిపె చోటికి వెళ్ళి ఆగింది, నున్నగా ఉంది. మడతబందు సందులో తెల్లటి థర్మోకోల్ పూస ఒకటి ఇరుక్కుని ఉంది.

పూసనే చూస్తున్నాను. ఈ అచ్చు పెట్టెలో వచ్చింది. ఎక్కడినించో, పోస్టులో. ఫోన్లో మెసేజీ పెట్టడం రాక నటాలీ చేత పెట్టించే మా అక్క, ఆ వేలంపాటల్లో పడి, ఫోటోలు పెద్దవి చేసి చూసుకుంటూ, ఎన్ని పెట్టెలు విప్పిందో, ఎంతమంది చేతుల్లో మోసపోయిందో, ఎన్ని తిరిగి పంపిందో! తల ఎత్తితే అక్క మెడ ఎర్రగా కందిపోయి ఉంది, చిన్నప్పుడు అబద్ధం చెబితే అలాగే అయ్యేది, అమ్మ తన మొహం కూడా చూసేది కాదు, మెడ చూసే చెంపదెబ్బ కొట్టేది. అచ్చుని బల్లమీద పెట్టాను.

"మరి అదేంటే?" అంది, పొయ్యి మీద పొగలు కక్కుతున్నదాన్ని చూపిస్తూ.

"అదా." మంట ఆపేశాను. "ఆన్‌లైన్‌లో కొన్నానక్కా. పాతదని చెప్పి, రంగు పూసి అంటగట్టాడు వెధవ."

"నిన్ను మోసం చెయ్యడం ఎంతసేపే ఎవరికైనా!" అని నవ్వింది. ఆ నవ్వే. "నీలాంటి పిచ్చిమొహాలకోసమే పెట్టారు ఆ వేలాలు. నన్నడగొద్దూ కొనేముందు?"

"నువ్వు మాట్లాడితే కదా అడగడానికి."

"నువ్వు మాట్లాడావేంటి?" అని, అప్పుడు కోటు విప్పింది, ఏప్రన్ కోసం వెనక్కి తిరిగింది. నేను ఆ పూసని గోరుతో తీసి జేబులో వేసుకున్నాను.

అక్క తెచ్చిన అచ్చు వేడెక్కింది. పిండి వేసి మూశాను, అక్క నా పక్కనే, పీట మీద కాదు, నా భుజానికి భుజం ఆనించి నిలబడింది, పొయ్యి దగ్గర తను నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరం కలిసి మరియమ్మ జపం అందుకున్నాం. నేను తొందర, తను నిదానం, మధ్యలో ఇద్దరికీ నవ్వొచ్చి, సర్దుకుని, "మా మరణ సమయమందును" దగ్గర ఇద్దరం ఒక్కసారే ఆగిపోయాం, ఎవరూ ముందుకి వెళ్ళలేదు. తెరిచేసరికి అంచులు మాడాయి. మీద పువ్వు కాదు, ఏదో పక్షి, ఎవరింటి పక్షో, రెక్కలు విప్పుకుని ఉంది. అమ్మ అచ్చులో పక్షి లేదని పంచదార జల్లిన చేతికి తెలియకుండా ఉంటుందా? తెలుసు. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"అమ్మదే కదే?" అంది అక్క, బాగా చిన్న గొంతుతో, ఇటు తిరక్కుండానే.

"అమ్మదే అక్కా," అన్నాను. "ఇంకెవరిదనుకున్నావ్? ఆ పంచదార అందుకో."